వంగకుండా కూర తెంపుకునే మడి

మన షోలాపూర్‌లో కార్మికుల ఇళ్ల దగ్గర కూరగాయలు పెంచడం అంత సులువు కాదు. కొన్ని చోట్ల నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే చెయ్యి పట్టేంత పగుళ్లు ఇస్తుంది. ఇంకొన్ని చోట్ల జానెడు మన్ను కింద మొరం, ఆ కింద నల్లరాయి. గడ్డపార వేస్తే ఠంగుమని ఎగురుతుంది. కుంభారి వైపు బీడీ కార్మికుల ఘర్‌కుల్‌లో మా ఇల్లు ఈ రెండో రకం నేల మీద ఉంది. ఇంటి పక్కన కొంచెం ఖాళీ జాగా ఉంది. అందులో ఏళ్లతరబడి విరిగిన కుర్చీలు, పాత సైకిలు, నీళ్ల డ్రమ్ములే పెరిగాయి.

నేను టవల్ కార్ఖానాలో జాబర్‌ని. సాంచాలు మరమ్మతు చేయడం నా పని. మా నాయిన మిల్లులో బట్ట నేశాడు. మిల్లు మూతపడ్డాక ఇంటిని నడిపింది మా అమ్మ చుట్టిన బీడీలే. నలభై ఏళ్లకు పైగా చాట ఒళ్లో పెట్టుకుని, కాళ్లు మడిచి కూర్చున్న మనిషి. ఇప్పుడు ఆమె మోకాళ్లు వంగడం లేదు. డాక్టరు గారు కింద కూర్చోవద్దని, బరువు ఎత్తవద్దని ఖచ్చితంగా చెప్పారు. బీడీల పని ఆగింది. పని ఆగినాక ఆమె మాట కూడా తగ్గింది. పొద్దంతా గుమ్మంలో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ ఉండేది.

ఒకనాడు తనే అన్నది: "గోంగూర నాలుగు గింజలు ఏస్తే మంచిగుండు బిడ్డా. కానీ నాకు వంగరాదు, ఎవలు తెంపుతరు?"

ఆ మాట మీద మా ఇంట్లో చర్చ మొదలైంది. నేల ఆమె దగ్గరకు వస్తే ఆమె వంగాల్సిన పని లేదు. రెండడుగుల ఎత్తులో దుంగలతో నాలుగు గోడలు పేర్చి, లోపల మన్ను నింపితే, పక్కన స్టూలు వేసుకునో, నిలబడో కూర తెంపుకోవచ్చు. కింద రాయి ఉన్నా ఫరక్ పడదు. దీన్నే ఎత్తు మడి అంటున్నారు. అలాంటి మడి ఎలా కట్టామో, ఎంత అయిందో, ఏ దుంగలు వాడాలో, ఏవి ముట్టుకోకూడదో మన వాళ్లందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ఫుకట్‌గా వచ్చిన దుంగలు

మేం మడి కడుతున్నామని తెలిసి మా గల్లీలో ఉండే ఒక కాక వచ్చాడు. "దుంగలు కొనుడెందుకురా? నా దగ్గర రైలు స్లీపర్లు పది ఉన్నయ్. తీసుకపో, పైసలు వద్దు" అన్నాడు. మా తమ్ముడి ముఖం వెలిగిపోయింది. ఖర్చు లేని పని ఎవరికి చేదు?

వెళ్లి చూశాం. రైలు పట్టాల కింద వేసే అసలు చెక్క దుంగలే. పెద్ద లైను స్లీపరు దాదాపు 9 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం ఉంటుంది. ఒక్కొక్కటి 70, 80 కిలోలు తూగుతుంది. ఇప్పుడు లైన్ల మీద ఎక్కువగా సిమెంటు స్లీపర్లే కనిపిస్తాయి. వాటికి జాగా ఇచ్చి తీసేసిన చెక్క స్లీపర్లే చేతులు మారి భంగారు దుకాణాలకు, తోటలకు వచ్చాయి. చూడ్డానికి గట్టిగా, అందంగా ఉంటాయి. అందుకే హోటళ్ల ముందు, బంగళాల్లో మెట్లకు వాడతారు.

కానీ కాక దగ్గర ఉన్నవి నల్లగా ఉన్నాయి. ఎండకు చెక్క పగుళ్లలోంచి నూనె చెమట పట్టినట్టు కారుతోంది. తారు రోడ్డు వేసేటప్పుడు వచ్చే వాసన. అది క్రియోసోట్ అనే మందు. బొగ్గు తారును కాచి తీసే నూనె అది. చెదలు పట్టకుండా, వానకు కుళ్లకుండా ఉండాలని పెద్ద ఇనుప పీపాలో దుంగలు పెట్టి, ఒత్తిడితో ఆ నూనెను చెక్క లోపలి దాకా ఎక్కిస్తారు. 1838లో ఇంగ్లండులో జాన్ బెథెల్ అనే ఆయన ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రైళ్లు పెరిగిన కొద్దీ ఇది ప్రపంచమంతా పాకింది.

పట్టాల కింద అది మంచి మందే. కూర మడికి మాత్రం పనికిరాదు. క్రియోసోట్‌లో ఉండే కొన్ని పదార్థాలు క్యాన్సర్ తెచ్చే రకం. దాన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. తడి మన్ను ఎప్పుడూ ఆనుకుని ఉంటే ఆ నూనె కొంచెం కొంచెంగా మన్నులోకి దిగుతుంది. ముల్లంగి, క్యారెట్ లాంటివి ఆ మన్నులోనే ఊరతాయి. పిల్లలు దుంగల మీద ఎక్కి కూర్చుంటారు. ఎండలో ఆ నూనె ఒంటికి అంటితే మంట, దద్దుర్లు వస్తాయి.

తమ్ముడు ఒప్పుకోలేదు. "ఎన్నేండ్ల కిందటి దుంగలో అన్నా, ఇంకా మందు ఏడ ఉంటది?" అన్నాడు. పాతవైనా లోపల మందు ఉంటుంది. పైన ఎండిపోయినట్టు కనిపించినా, కోస్తే లోపల నల్లగానే ఉంటుంది. కోసేటప్పుడు లేచే పొట్టు ఇంకా చెడ్డది. టేకు, సాల్ లాంటి గట్టి చెక్కతో చేసిన స్లీపర్లకు కొన్నింటికి మందు ఎక్కించరు, అది నిజం. కానీ అవి కూడా ఏళ్లపాటు లైను మీదే ఉన్నాయి. ఇంజను నూనె, గ్రీజు, పాత బోగీల మరుగుదొడ్ల మురికి అన్నీ వాటి మీదే పడ్డాయి. ఏది మందు ఎక్కించిందో, ఏది కాదో కళ్లతో చూసి తేల్చుకోవడం మన వల్ల కాదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. రైల్వే సామాను రసీదు లేకుండా మన ఇంట్లో దొరికితే అది నేరం. 1966లో వచ్చిన రైల్వే ఆస్తి చట్టం ప్రకారం, రైల్వే సామాను దొంగిలించిందని అనుమానం కలిగేలా మన దగ్గర దొరికితే, అది న్యాయంగా వచ్చిందని చూపించాల్సింది మనమే. మొదటిసారి నేరానికే అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. రైల్వే వాళ్లు పాత సామాను వేలం వేస్తారు. వేలంలో కొన్నవాళ్ల దగ్గర కాగితం ఉంటుంది. ఎవరి దగ్గర స్లీపరు తీసుకున్నా, డబ్బు పెట్టినా, ఉత్తగా ఇచ్చినా, ఆ కాగితం నకలు అడగండి. కాక దగ్గర కాగితం లేదు.

ఆ రాత్రి మా ఇంట్లో గట్టిగానే మాటలు నడిచాయి. తమ్ముడు అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. ఏడు వేలు అంటే మాలాంటి ఇంట్లో చిన్న మాట కాదు, పిల్ల బడి ఫీజు అది. చివరకు అమ్మ లేచి, గోద్రెజ్ తలుపు తీసి, దీపావళి బోనసులోంచి దాచుకున్న 3,000 తెచ్చి నా చేతిలో పెట్టింది. "నేను పొగాకు పట్టుకున్న చేతులతోనే మిమ్మల్ని పెంచిన. ఇగ మనుమలకు తినేటిది మంచిగుండాలె" అన్నది. తమ్ముడు తర్వాత మాట్లాడలేదు. మర్నాడు టెంపో మాట్లాడింది వాడే.

ఇప్పటికే నల్ల స్లీపర్లతో మడి కట్టుకున్న వాళ్లు కంగారు పడనక్కర్లేదు. అందులో పూల చెట్లు పెట్టుకోండి, బంతి, చామంతి, మల్లె బాగా వస్తాయి. తినేవి మాత్రం వేరే చోట వేసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ దుంగలు పొయ్యిలో పెట్టకూడదు. స్నానం నీళ్లకు బాగా మండుతాయని ముక్కలు చేసి కాలుస్తుంటారు. ఆ పొగ విషం.

ఏ చెక్క మంచిది

వఖార్లో అడిగితే ఏ చెక్కనైనా స్లీపరు కొలతకు కోసి ఇస్తారు. మందు లేని పచ్చి చెక్క కావాలని ముందే చెప్పాలి. మన వైపు దొరికేవాటిలో నల్ల తుమ్మ మంచిది. మరాఠీ వాళ్లు బాభుళ్ అంటారు. ఎడ్లబండి చక్రాలకు, నాగళ్లకు వాడిన చెక్క ఇదే. లోపలి చేవ ఎర్రగా, గోధుమ రంగులో ఉంటుంది. అది గట్టిది. బయట తెల్లగా ఉండే భాగాన్ని పురుగు తొందరగా తొలుస్తుంది. కాబట్టి చేవ ఉన్న ముక్కలే ఏరుకోవాలి. పాతకాలం వడ్రంగులు తుమ్మ మొద్దులను కొన్నాళ్లు నీళ్లలో నానేసి తర్వాత ఆరబెట్టేవారు. అలా నానిన చెక్కకు పురుగు తక్కువ.

వేప కూడా పరవాలేదు. టేకు అన్నిటికంటే మంచిది, కానీ కొత్తది మన వల్ల కాదు. పాత వాడాలు పడగొట్టేటప్పుడు టేకు దూలాలు, వాసాలు అమ్ముతారు. అవి దొరికితే అదృష్టమే. అయితే వాటి మీద పాత రంగు ఉంటే వద్దు. వెనకటి రంగుల్లో సీసం కలిసేది. గీకితే ఆ పొడి మన్నులో పడుతుంది.

కార్ఖానాలో పనిచేసే మన వాళ్లకు ఇంకో దారి ఉంది. బయటి దేశాల నుంచి సాంచాలు దిగినప్పుడు వాటి కింద లావు చెక్కలు వస్తాయి. సేటును అడిగితే ఇస్తాడు. వాటి మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్, టీ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటే ఆ చెక్కను వేడిచేసి పురుగు చంపారని అర్థం, అది వాడుకోవచ్చు. ఎం, బీ అని ఉంటే విషపు గ్యాసు పట్టించారని అర్థం, వదిలేయండి. ఈ చెక్క ఎక్కువగా మెత్తటి దేవదారు జాతి. రెండు మూడేళ్ల కంటే ఆగదు, కానీ దాదాపు ఉత్తగా వస్తుంది. ఆకుపచ్చ ఛాయ ఉన్న చెక్క కనిపిస్తే దానికి రాగి, ఆర్సెనిక్ కలిపిన మందు ఎక్కించి ఉండవచ్చు. అదీ కూర మడికి వద్దు.

మేం తుమ్మ తీసుకున్నాం. ఒక్కో దుంగ 6 అడుగుల పొడవు, 8 అంగుళాల ఎత్తు, 4 అంగుళాల మందం. అలాంటివి 9. ఒక్కొక్కటి 30 కిలోల దాకా ఉంది, ఇద్దరం కలిసి ఎత్తగలిగాం. ఇంటికి తెచ్చాక నీడలో ఇటుకల మీద పేర్చి నెలకు పైగా ఆరనిచ్చాం. కొనలు చీలకుండా ఎర్రమన్ను, పేడ కలిపి మెత్తాం.

కొలత, కట్టుడు

మడి వెడల్పు మనిషి చెయ్యి చాపు మీద ఆధారపడుతుంది. రెండు వైపుల నుంచి అందేటట్టుంటే 3 అడుగులు, గోడకు ఆనించి కడితే 2 అడుగులు చాలు. అంతకంటే వెడల్పైతే మధ్యలో ఉన్న కూర అందదు, అందుకోవడానికి మళ్లీ వంగాల్సి వస్తుంది. ఎత్తు 2 అడుగులు పెట్టాం. అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, చెయ్యి చాపమని చెప్పి, టేపుతో కొలిచి ఈ ఎత్తు తేల్చాం. మీ ఇంట్లో మనిషికి సరిపోయే ఎత్తు అలాగే కొలుచుకోండి.

ఒక్కో వరసకు 3 దుంగలు. రెండు పూర్తివి పొడుగు వైపులకు, ఒకదాన్ని సగానికి కోస్తే వచ్చే 3 అడుగుల ముక్కలు రెండు వెడల్పు వైపులకు. మూడు వరసలకు 9 దుంగలు. మూలల దగ్గర కిటుకు ఒకటి ఉంది. ప్రతి దుంగ ఒక కొన పక్క దుంగకు లోపలి వైపు ఆనాలి, రెండో కొన తర్వాతి దుంగ తలను మూయాలి. నలుగురు పిల్లలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డట్టు. పై వరసను దీనికి ఎదురు దిశలో తిప్పి పేర్చాలి. అప్పుడు ఇటుక గోడలాగా అతుకు మీద అతుకు పడదు, మూల విచ్చుకోదు. ఇలా పేరిస్తే బయటి కొలత 6 అడుగుల 4 అంగుళాలు, 3 అడుగుల 4 అంగుళాలు వస్తుంది.

పని వరస ఇది:

మొదట నేల చదును చేసి, దుంగలు కూర్చునే చోట అర జానెడు లోతు తవ్వి సన్న కంకర పరిచాం. చెక్క తడి మన్నులో కూర్చోకూడదు, కింది వరస ముందు కుళ్లేది అందుకే. మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో నాలుగు మూలలూ మట్టం చూశాం. మొదటి వరస మట్టంగా కూర్చుంటే మిగతా పని తేలిక.

తర్వాత 12 మిల్లీమీటర్ల ఇనుప సలాకలు 3 అడుగులవి 6 కోయించాం. నాలుగు మూలలకు నాలుగు, పొడుగు వైపుల మధ్యలో ఒక్కొక్కటి. దుంగల్లో అదే మందం రంధ్రం డ్రిల్లు చేసి, మూడు వరసలూ గుచ్చుకుని ఒక అడుగు నేలలోకి దిగేటట్టు సుత్తితో కొట్టాం. మొరంలో దిగకపోతే ముందు గడ్డపారతో బొక్క చేసుకోవాలి. మధ్య సలాకలు మరిచిపోవద్దు. వానకు నానిన మన్ను బయటికి తోస్తుంది, మధ్యలో పట్టు లేకపోతే దుంగ పొట్ట తీస్తుంది.

బయటి వైపు పచ్చి అవిసె నూనె రెండు పూతలు పూశాం. చాలామంది బండ్లలోంచి తీసిన కాలిన ఆయిల్ పూస్తారు, కార్ఖానాలో ఊరికే దొరుకుతుంది కూడా. కూర మడికి అది పూయకండి. చెదల మందు కూడా పోయలేదు. దాని బదులు నెలకోసారి దుంగల అడుగున చూస్తాం. మట్టి గొట్టాలు కనిపిస్తే చీపురుతో దులిపేస్తాం. దుంగల మధ్య సందులు మాత్రం చెక్క ముక్కలతో, మట్టితో మూసేయండి. మన జిల్లాలో తేళ్లకు అలాంటి సందులంటే ఇష్టం. చెయ్యి పెట్టే ముందు కట్టెతో కదిలించి చూడటం అలవాటు చేసుకోండి.

లోపల ఏం నింపాలి

అడుగున అర అడుగు కంది కట్టె, జొన్న కొయ్యలు, ఎండాకులు తొక్కి నింపాం. ఇవి నెమ్మదిగా కుళ్లి ఎరువవుతాయి. మొదటి ఏడాది మన్ను నాలుగైదు వేళ్లు కుంగుతుంది, పై నుంచి మళ్లీ పోసుకోవాలి. దాని మీద సిమెంటు సంచి కొలతతో 8 సంచుల నల్లమన్ను, 4 సంచుల సన్న మొరం, 4 సంచుల పాత పెంట ఎరువు బాగా కలిపి పోశాం. ఒట్టి నల్లమన్ను పోస్తే బిగుసుకుపోయి నీళ్లు నిలుస్తాయి. మొరం కలిస్తే వేరు పారుతుంది. 2 కిలోల వేప పిండి కూడా కలిపాం. పైన రెండు అంగుళాలు ఖాళీ వదిలాం, నీళ్లు పోస్తే పొర్లిపోకుండా.

తడిసిన మన్ను, దుంగలు కలిపి టన్నుకు పైన బరువు అవుతుంది. అందుకని ఇలాంటి మడిని స్లాబు మీద కట్టాలంటే ఇంజనీరును అడగకుండా కట్టవద్దు.

మిల్లు వాళ్లం కాబట్టి రెండు మాటలు. రంగు వేసిన నూలు చెత్త మడిలో వేయవద్దు. డైయింగ్ హౌసుల నుంచి కాలువలో పారే రంగు నీళ్లు ఎంత నీళ్ల కొరత ఉన్నా కూర మొక్కలకు పోయవద్దు.

తునికాకు మేలు, పొగాకు కీడు

బీడీలు చుట్టే ఇళ్లలో ఒక మంచి సరుకు రోజూ ఊడ్చి పారేస్తున్నాం. తునికాకును కత్తిరించినప్పుడు పడే ముక్కలు అవి. పొగాకు తగలని ఆ ముక్కలను ఎండబెట్టి మడి మీద రెండు వేళ్ల మందం పరిస్తే మన్నులో తడి ఆరదు, కలుపు లేవదు, తర్వాత కుళ్లి ఎరువవుతుంది. మా పక్కింటి వదినలు సంచి నింపి మరీ తెచ్చి ఇస్తున్నారు.

పొగాకుతో మాత్రం జాగ్రత్త. పొగాకు మొక్కకు మొజాయిక్ అనే తెగులు వస్తుంది. ఆ తెగులు వైరసు ఎండిన పొగాకులో కూడా బతికే ఉంటుంది. పొగాకు ముట్టిన చేత్తో టమాట, మిరప, వంకాయ నారు ముట్టుకుంటే దానికి అంటుకోవచ్చు. ఆకుల మీద లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ మచ్చలు పడతాయి, ఆకు ముడుచుకుంటుంది, కాయ సరిగా రాదు. దీనికి మందు లేదు. మొక్కను పీకి దూరంగా పారేయడమే. కాబట్టి బీడీలు చుట్టేవాళ్లు, బీడీ తాగేవాళ్లు సబ్బుతో బాగా చేతులు కడుక్కుని గాని ఈ మొక్కల దగ్గరకు పోవద్దు. నారు నాటేటప్పుడు చేతులు పాలలో ముంచుకుంటే వైరసు అంటుకోవడం తగ్గుతుంది. ఒక గిన్నెలో కొద్దిగా పాలు చాలు.

పొగాకు నానేసిన నీళ్లు పురుగుకు మంచి మందని మనలో పాత మాట. పురుగు చస్తుంది, నిజమే. కానీ అందులో ఉన్న నికోటిన్ మనిషికీ విషమే. ఆకుకూర మీద అది చల్లకండి. బదులుగా వేపగింజల కషాయం వాడుకోండి.

నీళ్లు

నల్లా నాలుగైదు రోజులకోసారి వచ్చే గల్లీలో మడికి నీళ్లెక్కడివి అని అందరూ అడుగుతారు. ఎత్తు మడి నేల కంటే తొందరగా ఆరుతుంది కూడా. మేం రెండు మట్టి కుండలు, రంగు గాని నూనె గాని పూయనివి, మడిలో మూతి దాకా పాతిపెట్టాం. వాటిలో నీళ్లు పోసి మూత పెడితే గోడల్లోంచి కొంచెం కొంచెం ఊరి వేరు దగ్గరకు చేరతాయి. చలికాలంలో రెండు మూడు రోజులకోసారి నింపితే సరిపోతోంది. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్లన్నీ ఒక బకెట్లో పట్టి అందులోనే పోస్తాం. సబ్బు నీళ్లు పోయం. ఏప్రిల్, మే నెలల్లో పైన పాత చీర పందిరి వేస్తే గాని ఏదీ బతకదు.

ఎప్పుడు ఏం వేయాలి

జూన్‌లో వాన పడగానే గోంగూర, బెండ, గోరుచిక్కుడు, తోటకూర. గోంగూర నెల దాటితే మొదటి కోతకు వస్తుంది. మొదలంటా పీకకుండా కొనలు తెంపితే మళ్లీ చిగురిస్తుంది. బెండ నెలన్నరకు కాయ ఇస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మెంతి, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి, టమాట. మెంతి 25, 30 రోజుల్లో చేతికొస్తుంది. గింజలు ఒకేసారి చల్లకుండా పది రోజులకోసారి ఒక్కో వరస చల్లితే ఎప్పుడూ లేత కూర ఉంటుంది. ఎండాకాలానికి గంగవాయిలి కూర, తోటకూర చాలు.

ఎంత అయింది

తుమ్మ దుంగలు 12 ఘనపుటడుగులు, అడుగు 450 చొప్పున 5,400. సలాకలు 330. టెంపో 600. పెంట ఎరువు, వేప పిండి 350. అవిసె నూనె 250. కుండలు 200. మొత్తం 7,130 రూపాయలు. మన్ను, మొరం పక్కన ఇల్లు కడుతున్న వాళ్లు తీసుకుపొమ్మన్నారు. డ్రిల్లు కార్ఖానా నుంచి ఒక ఆదివారం అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో అందరూ వంగగలిగిన వాళ్లే అయితే రెండు వరసలు చాలు. అప్పుడు 6 దుంగలే కాబట్టి చెక్క ఖర్చు 3,600కు దిగుతుంది.

లెక్క వేసి చూస్తే కూరల డబ్బుతో ఈ ఖర్చు తొందరగా తిరిగి రాదు, ఆ మాట దాచను. వారానికి మూడు నాలుగు పూటల ఆకుకూర వస్తోంది, అంతే. కొత్తిమీర, మెంతి కొనడం మాత్రం చలికాలమంతా మానేశాం.

అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. కానీ పొద్దున చాయ్ తాగి, దుంగ అంచు పట్టుకుని మడి చుట్టూ తిరుగుతుంది. కుండలు తానే నింపుతుంది. నిరుడు గోంగూర కోతకు వచ్చినప్పుడు గల్లీలో ఆరు ఇళ్లకు పంపింది. మార్కెట్లో అంబాడి అని అమ్మేది ఆమెకు నచ్చదు, "పులుపే లేదు దానికి" అంటుంది. ఊరి నుంచి తెప్పించిన ఎర్ర గోంగూర గింజలు రుమాల్లో మూట కట్టి దాచింది. కాక కూడా వచ్చి చూశాడు. తన నల్ల దుంగల మడిలో వేసిన పాలకూర పీకి, బంతి నారు పెట్టుకున్నాడు.

ఈ పని మొదలుపెట్టాలనుకునే వాళ్లు మార్చిలోనే దుంగలు కోయించుకోండి. ఎండాకాలంలో బాగా ఆరతాయి, మేలో కట్టుడు అయిపోతుంది, మృగశిర నాటికి గింజలు వేయడానికి మడి సిద్ధంగా ఉంటుంది. ఎర్ర గోంగూర గింజలు కావాలంటే మా అమ్మ ఇస్తుంది. ఒక్కటే షరతు: మీది కోతకు వచ్చాక పిడికెడు గింజలు మళ్లీ ఆమెకు తెచ్చివ్వాలి.